వాళ్ళు కొద్దిమందే ఉన్నారు

నియాండర్తల్ మనుషులు ఎందుకు అంతరించారని అడిగితే, చదువుకున్నవాళ్ళలో చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటే. వాళ్ళు మొద్దు మనుషులు, మనం తెలివైనవాళ్ళం, అందుకే వాళ్ళు పోయారు, మనం నిలిచాం. ఈ జవాబు తప్పు. పైగా, బతికున్నవాడు తనను తాను మెచ్చుకుంటూ పోయినవాడి మీద నింద వేసే జవాబు. అందుకే దాని మీద నాకు కోపం కూడా.

నేను పురావస్తు శాస్త్రవేత్తను కాను. కర్నూలు జిల్లా ఆసుపత్రుల్లో చాలా ఏళ్ళు మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మనిషి ఎందుకు చనిపోయాడో కాగితం మీద రాసి సంతకం పెట్టడం మా పనిలో భాగం. మరణ కారణం రాసే ఆ ఫారంలో మొదట తక్షణ కారణం రాయాలి. దాని కింద, ఆ తక్షణ కారణానికి దారితీసిన మూలకారణం. చివర, వీటికి తోడై మనిషిని దిగలాగిన ఇతర జబ్బులు. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లు మొదటి గడిలో ‘గుండె ఆగిపోవడం’ అని రాసి ఊరుకుంటారు. గుండె ఆగకుండా ఎవరూ చనిపోరు బాబూ, అది ఎందుకు ఆగిందో రాయి అని వాళ్ళకు చెప్పేవాణ్ణి. ‘తెలివి చాలక అంతరించారు’ అన్నది కూడా సరిగ్గా అలాంటి రాతే. దాని వెనక పరీక్ష చేసిన ఆధారం ఏదీ లేదు.

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చూద్దాం. 1856 ఆగస్టులో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ దగ్గర, నియాండర్ లోయలో సున్నపురాయి తవ్వుతున్న కూలీలకు ఒక గుహలో ఎముకలు దొరికాయి. ఎలుగుబంటివి అనుకున్నారు. యోహాన్ కార్ల్ ఫూల్‌రాట్ అనే బడిపంతులు వాటిని చూసి, ఇవి మనిషివే గానీ ఇప్పటి మనుషుల్లాంటివాడివి కావని గుర్తుపట్టాడు. పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. మెడిసిన్ చదివిన ప్రతివాడికీ తెలిసిన పేరు రుడాల్ఫ్ విర్కో. వ్యాధివిజ్ఞానానికి తండ్రిలాంటివాడు. ఆయన ఆ ఎముకలను చూసి, చిన్నప్పుడు రికెట్స్, పెద్దయ్యాక కీళ్ళ జబ్బు వచ్చిన మామూలు మనిషివని తేల్చేశాడు. 1864లో విలియం కింగ్ దీన్ని వేరే జాతిగా చెప్పి హోమో నియాండర్తలెన్సిస్ అని పేరు పెట్టాడు. రెండేళ్ళకు ఎర్న్‌స్ట్ హెకెల్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్త హోమో స్టుపిడస్ అనే పేరు సూచించాడు. మూర్ఖ మానవుడని. ఎముకలు దొరికి పదేళ్ళే అయింది, వాళ్ళ బతుకు గురించి తెలిసింది దాదాపు శూన్యం. తీర్పు మాత్రం వచ్చేసింది.

ఆ తీర్పుకు బొమ్మ గీసినవాడు ఫ్రాన్స్‌లోని మార్సెలిన్ బూల్. 1908లో లా షాపెల్ ఓ సాంట్ అనే ఊరి గుహలో దాదాపు పూర్తి అస్థిపంజరం ఒకటి దొరికింది. బూల్ దాన్ని పరిశీలించి, వెన్ను వంగి, మోకాళ్ళు మడిచి, తల ముందుకు వేలాడేసి నడిచే మృగంలాంటి మనిషిని చూపించాడు. ఇప్పటికీ మన పుస్తకాల్లో కనిపించేది ఆ బొమ్మ నీడే. 1957లో స్ట్రాస్, కేవ్ అనే ఇద్దరు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు అవే ఎముకలను మళ్ళీ చూశారు. ఆయన ఒక ముసలాయన. వెన్నుపూసలంతా కీళ్ళవాతం. దవడ పళ్ళు చాలావరకు ఊడిపోయాయి. ఆ వయసులో, ఆ జబ్బుతో మన ఓపీలో వరుసలో కూచునే పెద్దాయన ఎముకలు తీసి చూసినా అలాగే ఉంటాయి. ఒక రోగిని చూసి జాతి మొత్తాన్ని కొలిచారు.

ఆ ముసలాయన నమలలేని స్థితిలో కూడా బతికి ఉన్నాడంటే పక్కన ఎవరో ఉన్నారని నేను అనుకుంటాను. ఇరాక్ ఉత్తరాన, కుర్దుల ప్రాంతంలో ఉన్న షానిదార్ గుహలో దొరికిన మనిషి విషయంలో ఈ అనుమానం కూడా అక్కర్లేదు. 1950లలో రాల్ఫ్ సొలెకీ బృందం తవ్వి తీసిన ఆ మనిషిని షానిదార్ 1 అంటారు. ముఖం ఎడమవైపు ఎప్పుడో పెద్ద దెబ్బ తగిలింది, ఆ కన్ను పోయి ఉండాలి. కుడి చేయి చిన్నప్పుడో యవ్వనంలోనో చచ్చుబడి సన్నబడింది, మోచేతి కింది భాగం అసలే లేదు. కాలికీ దెబ్బలు. చెవి గొట్టాల్లో ఎముక పెరిగి వినికిడి బాగా తగ్గి ఉంటుందని 2017లో తేలింది. ఇన్ని ఉన్నా గాయాలన్నీ మాని, నలభై ఏళ్ళ దాకా బతికాడు. పులులూ తోడేళ్ళూ తిరిగే కొండల్లో ఒంటి కన్నుతో, ఒంటి చేత్తో, వినిపించని చెవులతో ఎవడూ ఒంటరిగా నలభైకి చేరడు. ఐసీయూలో పనిచేసినవాడిగా చెబుతున్నాను, అలాంటి మనిషి బతకడం వెనక ఎంతమంది కష్టం ఉంటుందో నాకు తెలుసు.

ఇంకా చెప్పాలి. ఫ్రాన్స్‌లోని బ్రునికెల్ గుహలో, వెలుగు చొరబడని చోట, ద్వారం నుంచి 336 మీటర్ల లోపల, విరగ్గొట్టిన దాదాపు 400 స్టాలగ్మైట్ ముక్కలను వలయాలుగా పేర్చి పెట్టారు. దాని వయసు 1,76,500 ఏళ్ళు. అప్పటికి యూరప్‌లో ఉన్నది నియాండర్తల్‌లే. దివిటీలు పట్టుకుని, లోతు చీకట్లో కలిసి పనిచేయడానికి మాట, పథకం, నమ్మకం మూడూ కావాలి. జర్మనీలోని నోయ్‌మార్క్ నార్డ్ దగ్గర 1,25,000 ఏళ్ళ కిందట 13 టన్నుల దాకా బరువుండే ఏనుగులను వేటాడి, ఎముక మీద మాంసం మిగలకుండా కోసుకున్న గుర్తులు 2023లో బయటపడ్డాయి. బిర్చ్ చెట్టు బెరడును కాల్చి జిగురు తీసి, రాతి మొనలను కర్రకు అతికించేవాళ్ళు. పీచును మూడు పేటలుగా పురిపెట్టి తాడు పేనారు. వాళ్ళ మెదడు పరిమాణం సగటున మన మెదడు కంటే తక్కువ కాదు, కొంచెం ఎక్కువే. సైబీరియా నుంచి స్పెయిన్ దాకా 3 లక్షల ఏళ్ళకు పైగా మంచు యుగాలకు తట్టుకున్నారు. మన జాతి వయసే ఇంచుమించు అంత.

కాబట్టి మొదటి గడిలో తెలివి గురించి రాయడానికి వీల్లేదు. మరేం రాయాలి?

ఎప్పుడు పోయారన్నది కొంత తెలుసు. ఆక్స్‌ఫర్డ్‌లో టామ్ హైయామ్ బృందం యూరప్ అంతటా పదుల స్థలాల నుంచి నమూనాలు తెచ్చి, రేడియో కార్బన్ పద్ధతిని మెరుగుపరిచి లెక్కకట్టి, 2014లో ప్రకటించింది. సుమారు 41,000 నుంచి 39,000 ఏళ్ళ కిందటికి యూరప్‌లో వాళ్ళ జాడ ఆగిపోయింది. అన్ని చోట్లా ఒకేసారి కాదు. ఒక లోయలో ముందు, ఒక తీరంలో తర్వాత. మన జాతి మనుషులూ వాళ్ళూ యూరప్‌లో 2,600 నుంచి 5,400 ఏళ్ళ పాటు ఒకే కాలంలో ఉన్నారు. మనం వచ్చి తరిమేశామనే కథకు ఇది చాలా ఎక్కువ వ్యవధి. శ్రీకృష్ణదేవరాయల కాలం నుంచి మనదాకా గడిచిన కాలం అందులో అయిదో వంతు కూడా ఉండదు.

వాతావరణం గురించి చాలామంది చెబుతారు. నిజమే, ఆ కాలంలో గ్రీన్‌లాండ్ మంచు పొరల రికార్డు చూస్తే కొన్ని దశాబ్దాల వ్యవధిలోనే ఉష్ణోగ్రత 8 డిగ్రీలకు పైగా ఎగబాకడం, తర్వాత మళ్ళీ పడిపోవడం కనిపిస్తుంది. అడవి గడ్డి మైదానమవుతుంది, మైదానం మళ్ళీ అడవి అవుతుంది, వేట జంతువులు తరలిపోతాయి. అయితే ఇంతకు ముందు 1,40,000 ఏళ్ళ కిందటి ఘోరమైన మంచు యుగాన్ని కూడా ఇదే జాతి దాటింది. చలి తోడైన జబ్బే గానీ, చలి ఒక్కటే చంపిందంటే ముందు ఎందుకు చంపలేదన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

అగ్నిపర్వతం మాట వచ్చినప్పుడు మా జిల్లా గుర్తొస్తుంది. ఇటలీలో నేపుల్స్ దగ్గర సుమారు 40,000 ఏళ్ళ కిందట ఒక మహా విస్ఫోటనం జరిగి, బూడిద రష్యా దాకా పడింది. దానితోనే నియాండర్తల్‌లు పోయారని ఒక వాదన. కానీ ఆ బూడిద పొరను యూరప్‌లో పలుచోట్ల వెతికి 2012లో చూసినప్పుడు, కొన్ని చోట్ల దాని కిందనే, అంటే అంతకు ముందే, మార్పు జరిగిపోయిందని తేలింది. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం 74,000 ఏళ్ళ కిందట పేలినప్పుడు వచ్చిన బూడిద అక్కడ ఇప్పటికీ మేటలుగా కనిపిస్తుంది. టోబా ముందు నేపుల్స్ విస్ఫోటనం చాలా చిన్నది. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్ అక్కడ తవ్వి, 2007లో చెప్పిందేమిటంటే, బూడిద పొర కిందా పైనా దొరికిన రాతి పనిముట్లు ఒకే తీరుగా ఉన్నాయి. వాటిని చేసింది మన జాతివాళ్ళా, అంతకు ముందువాళ్ళా అన్న వాదన తెగలేదు. చేసినవాళ్ళు ఎవరైనా, ఆకాశం నుంచి అంత బూడిద పడ్డాక కూడా ఆ లోయలో మళ్ళీ రాళ్ళు చెక్కుకుంటూ బతికారు. మా రైతులు నడిచే దారుల్లో ఉన్న ఈ సాక్ష్యాన్ని మన పిల్లలకు చూపించకపోవడం నాకు బాధ.

మిగతా వాదనలను త్వరగా దాటవచ్చు. ఆఫ్రికా నుంచి వచ్చిన మనవాళ్ళు జబ్బులు మోసుకొచ్చారన్నది డాక్టరుగా నాకు నమ్మబుద్ధయ్యేదే, అయినా ఎముకల్లో రుజువు దొరకలేదు. చంపుకున్నారా? షానిదార్‌లోనే ఇంకొకరి పక్కటెముకలో పదునైన మొన దిగిన గాయం ఉంది, ఎవరు పొడిచారో తేలదు. సామూహిక హత్యాకాండ జరిగిన స్థలం ఏదీ బయటపడలేదు. కుక్కలను మచ్చిక చేసుకుని మనం వేటలో గెలిచామని పాట్ షిప్‌మన్ రాసింది. అందరూ ఒప్పుకునే తొలి కుక్కల ఎముకలు మాత్రం వేల ఏళ్ళ తర్వాతివి. భూమి అయస్కాంత క్షేత్రం బలహీనపడి సూర్యకిరణాలు చంపాయన్నదైతే, ఆ ఎండ మన మీద కూడా పడిందన్న సంగతి మరిచిపోయిన వాదన.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

సైబీరియాలోని ఆల్టాయ్ కొండల్లో డెనిసోవా గుహ ఉంది. అక్కడ 2010లో దొరికిన ఒక కాలివేలి ఎముక నుంచి నియాండర్తల్ స్త్రీ జన్యుపటం మొత్తం చదివారు. ఆమె తల్లిదండ్రులు దగ్గరి రక్తసంబంధీకులు. సవతి తోబుట్టువులు కావచ్చు, లేదా మేనమామ, మేనకోడలు కావచ్చు. రెండింటికీ జన్యు లెక్క ఒకటే, ఎనిమిదో వంతు. మేనమామ పెళ్ళి అంటే తెలుగువాళ్ళకు వివరించక్కర్లేదు. అక్క కూతుర్ని చేసుకున్న ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి, వాళ్ళ పిల్లల్లో ఎక్కువమంది బాగానే ఉంటారు. ఒక్క పెళ్ళి ఒక జాతిని చంపదు. కానీ ఆమె జన్యువుల్లో కనిపించింది ఒక్క పెళ్ళి కాదు. అంతకు ముందు తరాల్లో కూడా దగ్గర దగ్గర సంబంధాలే జరిగిన గుర్తులు పొడుగునా ఉన్నాయి. చేసుకోవడానికి బయట ఎవరూ లేరు.

మత్తు డాక్టర్లకు ఇలాంటి విషయం ఇంకో దారిలో తెలుసు. గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి మేం స్కోలిన్ ఇంజెక్షన్ ఇస్తాం. అయిదారు నిమిషాల్లో దాని ప్రభావం పోవాలి. రక్తంలో ఒక ఎంజైమ్ దాన్ని కరిగించేస్తుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతో లేనివాళ్ళకు గంటల తరబడి ఊపిరి తిరిగి రాదు, అంతసేపూ మేం పక్కన నిలబడి ఊపిరి ఇవ్వాలి. ఈ లోపం మన వైశ్య కుటుంబాల్లో ఇతరులకంటే చాలా ఎక్కువ. అందులో ఎవరి తప్పూ లేదు. ఎన్నో తరాల కిందట కొద్దిమంది పూర్వీకులతో మొదలై, సంబంధాలు లోపల్లోపలే జరిగిన సమూహాల్లో ఏదో ఒక లోపం ఇలా పేరుకుంటుంది. హైదరాబాద్ సీసీఎంబీలో కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌లో డేవిడ్ రీక్ బృందం 2017లో దక్షిణాసియా సమూహాలెన్నింటిలోనో ఇదే చూపించారు. వైశ్యులు లక్షల్లో ఉన్నారు, ఆసుపత్రులున్నాయి, ముందే అడిగి జాగ్రత్తపడతాం. ఇరవైమంది గుంపుకు అలాంటి ఆసరా ఏదీ లేదు.

ఇరవై అన్న అంకె ఊరికే వేయలేదు. అదే ఆల్టాయ్‌లో చాగిర్‌స్కాయా గుహ నుంచి 11 మంది, దగ్గర్లోని ఒక్లాద్నికోవ్ గుహ నుంచి ఇద్దరు, మొత్తం 13 మంది డీఎన్ఏ చదివి 2022లో ప్రచురించారు. సుమారు 54,000 ఏళ్ళ కిందటివాళ్ళు. అందులో ఒక తండ్రి, యుక్తవయసు కూతురు ఉన్నారు. ఒక నియాండర్తల్ ఇంటిని లోకం చూడటం అదే మొదటిసారి. గుంపు పరిమాణం 10 నుంచి 20 మంది ఉంటుందని లెక్క. స్త్రీలు ఒక గుంపు నుంచి మరో గుంపుకు వెళ్ళేవారు, మగవాళ్ళు పుట్టినచోటే ఉండేవారు. మెట్టినింటికి పోయే ఆడపిల్ల అక్కడా ఉంది. అయినా ఆ ఇళ్ళన్నీ కలిపినా చాలనంత కొద్దిమంది. జన్యు వైవిధ్యం చూస్తే, అంతరించే అంచున ఉన్న కొండ గొరిల్లాల స్థాయి.

స్పెయిన్‌లో ఎల్ సిద్రోన్ గుహలో 13 మంది ఎముకల్లో 17 పుట్టుక లోపాలు లెక్కపెట్టారు. మెడ పూస సరిగా మూసుకోకపోవడం, కాలి ఎముకల తేడాలు, విడిగా చూస్తే చిన్నవే. అన్నీ ఒకే గుంపులో కనిపించాయి కాబట్టే భయం. ఫ్రాన్స్‌లో రోన్ లోయలోని మాండ్రిన్ గుహలో 2015లో దొరికిన మనిషికి టోల్కీన్ నవలలోని మరుగుజ్జు రాజు పేరు పెట్టారు, థోరిన్ అని. చివరి నియాండర్తల్‌లలో ఒకడు. లుడోవిక్ స్లిమాక్ బృందం 2024లో అతని జన్యువులు ప్రచురించేసరికి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అతని వంశం ఇతర నియాండర్తల్‌లతో దాదాపు 50,000 ఏళ్ళు కలవలేదు. కొద్ది రోజులు నడిస్తే చేరుకునే దూరంలో తమ జాతివాళ్ళే ఉన్నారు. అయినా సంబంధం కలవలేదు. ఎందుకని ఎముక చెప్పదు. 

నెదర్లాండ్స్‌లో క్రిస్ట్ వాసెన్ బృందం 2019లో ఒక లెక్క వేసింది. యుద్ధం లేదు, చలి లేదు, మనం లేము, అన్నీ తీసేసి చూశారు. చిన్న జనాభా, దగ్గరి సంబంధాలు, జత దొరక్కపోవడం, జనన మరణాల్లో సహజంగా వచ్చే ఒడుదొడుకులు, ఇవి మాత్రమే ఉంచారు. ఇవి చాలు, 10,000 ఏళ్ళలో జాతి అంతరించవచ్చని తేలింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని మరో బృందం, తొలి కాన్పు వయసులోని యువతుల్లో సంతాన సామర్థ్యం కేవలం 2.7 శాతం తగ్గితే 10,000 ఏళ్ళలో కథ ముగుస్తుందని లెక్కకట్టింది. 2.7 శాతం! ఏ తల్లికీ, ఏ మంత్రసానికీ కంటికి కనిపించని తేడా. రెండు కరువు ఏళ్ళు, కొంచెం రక్తహీనత చాలు. తమ జాతి అంతరిస్తోందన్న సంగతి బతికున్న ఏ నియాండర్తల్‌కూ తెలిసే అవకాశమే లేదు.

అందుకే నా ఫారంలో మూలకారణం గడిలో ‘తక్కువ మంది, చెదిరిపోయి ఉండటం’ అని రాస్తాను. తక్షణ కారణం ఒక్కో గుంపుకు ఒకటి. ఒకరికి చలికాలం, ఒకరికి వేటలో కాలు విరిగిన ఇద్దరు మగవాళ్ళు, ఒకరికి వరసగా పోయిన బాలింతలు. ఇంకొకరికి, వాళ్ళ వేట నేలలోకి వచ్చిన మనం. మనల్ని నేను ఫారంలోంచి తీసేయడం లేదు. మన రాక ఆ గుంపుల మధ్య దారులను ఇంకా తెంచి ఉంటుంది.

మరి మనం ఎందుకు నిలిచాం? ఇక్కడే గర్వం కాస్త తగ్గించుకోవాలి. మనమూ చాలాసార్లు నిలవలేదు. అదే మాండ్రిన్ గుహలో సుమారు 54,000 ఏళ్ళ కిందట మన జాతివాళ్ళు వచ్చి, కొద్దికాలం ఉండి మాయమయ్యారనీ, ఆ గుహకు నియాండర్తల్‌లు తిరిగి వచ్చారనీ అదే బృందం 2022లో చెప్పింది. జర్మనీలోని రానిస్‌లో 45,000 ఏళ్ళ కిందట ఉన్న మనవాళ్ళ డీఎన్ఏ, చెక్ దేశంలో జ్లాటీ కూన్ అనే చోట దొరికిన స్త్రీ డీఎన్ఏ 2024లో పోల్చి చూస్తే, వాళ్ళంతా ఒకే చిన్న జనాభా, కొన్ని వందల మంది. వాళ్ళ సంతతి ఈరోజు భూమి మీద ఎవరూ లేరు. తెలివైన హోమో సేపియన్సే వాళ్ళు. కొద్దిమందిగా ఉన్నందుకు వాళ్ళూ పోయారు.

నిలిచినవాళ్ళు ఎలా ఉండేవాళ్ళో రష్యాలోని సుంగీర్ సమాధులు చూపిస్తాయి. 34,000 ఏళ్ళ కిందటి నలుగురిని పరీక్షిస్తే, ఒకేచోట పాతిపెట్టినవాళ్ళు కూడా దగ్గరి బంధువులు కారు. గుంపు చిన్నదే, కానీ దూరపు గుంపులతో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. ఆల్టాయ్ స్త్రీకి దొరకనిది ఇదే. మనకు తెలివి ఎక్కువా తక్కువా అన్న వాదనకన్నా, మనకు వియ్యంకులు ఉన్నారన్నది నాకు బలమైన కారణంగా కనిపిస్తుంది.

వాళ్ళు పూర్తిగా పోలేదన్నది ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతే. స్వాంటె పాబో బృందం క్రొయేషియాలోని విందియా గుహ ఎముకలతో 2010లో నియాండర్తల్ జన్యుపటం తొలి ప్రతిని విడుదల చేసింది, ఆయనకు 2022లో నోబెల్ వచ్చింది. ఆఫ్రికా బయటి మనుషులందరిలో ఒకటి రెండు శాతం నియాండర్తల్ వారసత్వం ఉంది. మన దేశంలో 2,700 మందికి పైగా జన్యుపటాలను చదివిన ఈమధ్యటి అధ్యయనంలో, ఒక్కొక్కరిలో చిన్న చిన్న ముక్కలుగా ఉన్నదంతా కూర్చితే నియాండర్తల్ జన్యుపటంలో దాదాపు సగం తయారైంది. కొవిడ్ రోజుల్లో వెంటిలేటర్ల దగ్గర రాత్రులు గడిపిన మాకు 2020లో ఒక వార్త గట్టిగా తగిలింది. మూడో క్రోమోజోమ్ మీద తీవ్ర కొవిడ్ ముప్పును పెంచే ఒక భాగం నియాండర్తల్‌ల నుంచి వచ్చిందనీ, దక్షిణాసియాలో సగం మంది దాన్ని మోస్తున్నారనీ జెబర్గ్, పాబో రాశారు. ఆ మరుసటి ఏడాది సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగం పంచుకున్న అధ్యయనం, మన జనాభాలో ఆ భాగానికీ కొవిడ్ తీవ్రతకూ సంబంధం కనిపించడం లేదంది. షుగరు, వయసు, ఆలస్యంగా ఆసుపత్రికి రావడం, ఆక్సిజన్ కొరత, నేను చూసిన చావులకు ఇవే ముందుండేవి. పోయినవాళ్ళ జన్యువుల మీదకు నెట్టేయడం ఇక్కడ కూడా సులువైన రాతే.

ఈ కలయికే వాళ్ళను ఇంకా తగ్గించిందని లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలోని క్రిస్ స్ట్రింగర్ వాదిస్తాడు. యూరప్‌లోని తొలి మనవాళ్ళలో నియాండర్తల్ ముత్తాతలు కనిపిస్తున్నారు. రొమేనియాలో దొరికిన ఓసే మనిషికి నాలుగు నుంచి ఆరు తరాల వెనకే ఒకరున్నారు. చివరి నియాండర్తల్‌లలో మాత్రం అప్పటి మన జన్యువులు దొరకడం లేదు. పిల్లలు ఒకవైపే పెరిగారన్నమాట. ఇరవైమంది గుంపులోంచి పిల్లలు కనే వయసు స్త్రీ ఒక్కతె బయటికి పోతే ఆ గుంపుకు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

‘మొద్దు కాబట్టి పోయారు’ అన్న రాతను నేను ఇంత పట్టుదలగా ఎందుకు కొట్టేయాలంటున్నానో చెబుతాను. యూరప్ ఆ మాట నేర్చుకున్న దశాబ్దాల్లోనే, ఆస్ట్రేలియా పక్కన టాస్మేనియాలో మనలాంటి మనుషులనే తెల్లవాళ్ళు నేల నుంచి వెళ్ళగొట్టి, చంపి, జబ్బుల పాలుచేసి, వెనకబడిన జాతి సహజంగా అంతరించిందని రాసుకున్నారు. 1876లో ట్రుగనీని అనే స్త్రీ చనిపోయినప్పుడు ఆమే చివరిదన్నారు. ఆమె అస్థిపంజరాన్ని మ్యూజియంలో నిలబెట్టారు. 1976లో గానీ దహనం చేసి బూడిదను ఆమె కోరిన నీళ్ళలో కలపలేదు. ఆ జాతి వారసులు ఇప్పటికీ టాస్మేనియాలో ఉన్నారు. నియాండర్తల్‌లనూ టాస్మేనియన్లనూ నేను పోల్చడం లేదు. ఆ రెండు రాతలూ రాసిన చేతిని చూపిస్తున్నాను. కారణం గడిలో చనిపోయినవాడి లోపం రాసేస్తే చుట్టూ ఉన్నవాళ్ళెవరూ జవాబు చెప్పక్కర్లేదు.

సైన్స్ టీచర్లకు ఒక విన్నపం. వంగిన మనిషి బొమ్మ చూపించే పాఠం వచ్చినప్పుడు, ఒక పీరియడ్ ఇలా గడపండి. బల్లకొక గుంపు, గుంపుకు ఎనిమిది మంది పెద్దలు, నలుగురు ఆడ, నలుగురు మగ. ప్రతి తరంలో ఒక్కో తల్లికి ఇద్దరు పిల్లలు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడితే ఆడపిల్ల, బొరుసు పడితే మగపిల్లవాడు. ఒక్కో బిడ్డకు మళ్ళీ ఎగరేసి, బొరుసు పడినవాళ్ళలో ప్రతి నాలుగో బిడ్డ పెద్దకాకముందే పోయిందనుకోండి. ఆడపిల్ల లేని తరం వచ్చిన గుంపు ఆట నుంచి తప్పుకోవాలి. కొన్ని తరాలు ఆడించి, ఎన్ని బల్లలు మిగిలాయో బోర్డు మీద రాయండి. తర్వాత పక్క బల్లతో పిల్లల్ని ఇచ్చిపుచ్చుకోవచ్చని ఒక నియమం కలిపి మళ్ళీ మొదటి నుంచి ఆడించండి. ఆ అంకెను మొదటి అంకె పక్కనే రాసి, తేడా ఎందుకొచ్చిందో పిల్లల్నే చెప్పమనండి.